కుర్చీలో ఉన్నవాళ్లకే

లైనక్స్‌లో ఒక ఫైల్‌కి పర్మిషన్ ఇస్తే అది అలాగే ఉంటుంది. నెల తర్వాత చూసినా ఉంటుంది, వంద సార్లు రీబూట్ చేసినా ఉంటుంది. స్లాష్ డెవ్ అనే ఫోల్డర్‌లో ఉన్నవాటికి ఇస్తే మాత్రం ఉండదు. పొద్దున ఇచ్చింది సాయంత్రం షట్‌డౌన్‌తో పోతుంది. మన ఐఓటీ ల్యాబ్‌లో బోర్డు గుచ్చి, అప్‌లోడ్ నొక్కి, "పర్మిషన్ డినైడ్" అని ఎర్ర అక్షరాలు చూడనివాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి, కథలూ కవితల మధ్యన కూడా దీన్ని చదువుతారనే ధైర్యంతో రాస్తున్నా. కమాండ్లని నోటితో ఎలా అంటామో అలాగే రాశా. టెర్మినల్‌లో ఎలా కొట్టాలో మీకు తెలుసు.

ఆ ఎర్ర అక్షరాలకి మందు కూడా అందరికీ తెలుసు. సూడో సీహెచ్‌మాడ్ 666, తర్వాత పోర్టు పేరు: టీటీవై యూఎస్‌బీ జీరో. మనకి సూడో లేదు కాబట్టి ల్యాబ్ ప్రోగ్రామర్ సార్ రావాలి. ఆయన ఒక్కో సిస్టమ్ దగ్గరికీ వచ్చి, మనల్ని కాస్త అటు చూడమని, పాస్‌వర్డ్ కొట్టి, ఆ ఒక్క లైన్ కొట్టి వెళ్తారు. ముప్పై సిస్టమ్స్. మొదటి అరగంట ఈ ప్రదక్షిణకే సరిపోయేది. ఈలోపు ఎవరో వైరు కదిలించి బోర్డు ఊడిపోతే మళ్లీ "సార్". రీబూట్ కూడా అక్కర్లేదు, కేబుల్ తీసి పెడితే చాలు, పర్మిషన్ మాయం. విసుగొచ్చి ఆయన మా ముగ్గురిని పిలిచి, "మీరు లైనక్స్ లైనక్స్ అని తిరుగుతుంటారుగా, ఇది రోజూ చేయక్కర్లేకుండా ఏదన్నా చూడండమ్మా" అన్నారు.

ముందు ఎందుకు పోతుందో చూద్దాం. స్లాష్ డెవ్‌లో కనిపించేవి డిస్క్ మీద ఉన్న ఫైళ్లు కావు. ఒకప్పుడు డిస్క్ మీదే ఉండేవి. మేక్‌డెవ్ అనే స్క్రిప్ట్ అన్నిటినీ ఒకేసారి చేసి పెట్టేది. మన దగ్గర ఆ పరికరం ఉన్నా లేకపోయినా దాని పేరు మీద ఒక ఫైల్ ఉండేది, అలా వేల కొద్దీ. ఆ కాలంలో సీహెచ్‌మాడ్ చేస్తే నిలిచి ఉండేది కూడా. యూఎస్‌బీ వచ్చాక ఆ పద్ధతి నప్పలేదు. ఏది ఎప్పుడు గుచ్చుతారో, ఎప్పుడు పీకుతారో ఎవరికి తెలుసు? 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ అనే ప్రోగ్రామ్‌ని తెచ్చారు. పరికరం వచ్చినప్పుడే దాని ఫైల్ పుడుతుంది, వెళ్లిపోతే చచ్చిపోతుంది. 2009 చివర్లో వచ్చిన 2.6.32 కెర్నెల్ నుంచి ఫైల్‌ని పుట్టించే పని కెర్నెలే ర్యామ్‌లో చేసుకుంటోంది. దానికి ఓనర్ ఎవరు, గ్రూప్ ఏది, ఎవరు ముట్టుకోవచ్చు అన్నవి యూడెవ్ చూస్తుంది. 2012లో యూడెవ్ సిస్టమ్‌డీలో కలిసిపోయింది, పని మాత్రం అదే.

వాకిట్లో ముగ్గు లాంటిదన్నమాట. రాత్రి ఎంత బాగా దిద్దినా పొద్దున్నే కళ్లాపి చల్లి మళ్లీ కొత్తగా వేస్తారు. నిన్నటి ముగ్గులో మనం కలిపిన చుక్కని ఎవరూ వెతకరు. ఆ చుక్క రోజూ రావాలంటే అమ్మ దగ్గరున్న ముగ్గుల పుస్తకంలో గీయాలి. యూడెవ్‌కి ఆ పుస్తకం ఈటీసీ ఫోల్డర్‌లో యూడెవ్, అందులో రూల్స్ డాట్ డీ. మనం రాసేవి అక్కడ పెట్టాలి. డిస్ట్రో వాళ్లు రాసినవి యూఎస్‌ఆర్ లిబ్ కింద ఉంటాయి.

బూట్ అయ్యేటప్పుడు సీహెచ్‌మాడ్ నడిచేలా ఒక స్క్రిప్ట్ పెడితే సరిపోదా అని చాలామంది అడిగారు. పెట్టొచ్చు. కానీ బూట్ అయ్యే టైముకి బోర్డు ఇంకా మన బ్యాగులోనే ఉంటుంది. లేని ఫైల్‌కి పర్మిషన్ ఎలా ఇస్తుంది? ఈ తేడాని ఫ్రీబీఎస్‌డీ వాళ్లు రెండు ఫైళ్లుగా విడగొట్టి పెట్టడం నాకు నచ్చింది. అక్కడ బూట్ సమయానికే ఉన్న పరికరాలకి డెవ్‌ఎఫ్‌ఎస్ డాట్ కాన్ఫ్, తర్వాత వచ్చి చేరేవాటికి డెవ్‌ఎఫ్‌ఎస్ డాట్ రూల్స్. మొదటిదాంట్లో యూఎస్‌బీ సీరియల్ పోర్టు గురించి రాసి పని చేయట్లేదని తల పట్టుకుంటే లాభం లేదు. రెండోదాంట్లో రాసినా, ఆ రూల్‌సెట్ పేరుని ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో చెప్పకపోతే దాన్ని ఎవరూ చదవరు. పోర్టు పేరు కూడా అక్కడ వేరు, సీయూఏ యూ జీరో అంటారు. నేను వర్చువల్ మెషీన్‌లో చూశా, ల్యాబ్‌లో ఎవరూ వాడట్లేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నా.

మళ్లీ లైనక్స్‌కి. పుస్తకాల ప్రకారం సరైన మార్గం డయలౌట్ గ్రూప్. ఉబుంటులో సీరియల్ పోర్టు పుట్టినప్పుడే రూట్ పేరు మీద, డయలౌట్ గ్రూప్‌తో, 660 మోడ్‌లో పుడుతుంది. ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో డయల్ చేసే రోజుల నాటి పేరు అది. యూజర్‌మాడ్‌తో మనల్ని ఆ గ్రూప్‌లో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలు. గ్రూప్ సభ్యత్వం డిస్క్ మీద రాసి ఉంటుంది కాబట్టి రీబూట్‌కి పోదు. మీ సొంత ల్యాప్‌టాప్ అయితే ఇదే చేసుకోండి, ఈ వ్యాసం ఇక్కడే మూసేయొచ్చు కూడా.

ల్యాబ్‌కి ఇది ఎందుకు చాలలేదో చెప్పడానికి ఒక రివ్యూ సంగతి చెప్పాలి. మన ల్యాబ్ సిస్టమ్స్‌లో హాస్టల్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అవ్వొచ్చు కదా, సీ అసైన్‌మెంట్ల కోసం. ఆ రోజు ఒక టీమ్ మట్టిలో తేమ కొలిచే ప్రాజెక్ట్ చూపిస్తోంది. సీరియల్‌లో ఏ వాక్యం వస్తే అది ఎల్‌సీడీ మీద చూపించేలా రాసుకున్నారు. సార్ యథాప్రకారం 666 కొట్టి వెళ్లారు. ఎక్స్‌టర్నల్ వచ్చి వంగి చూసేసరికి ఎల్‌సీడీ మీద తేమ శాతానికి బదులు "బిర్యానీ ఎప్పుడు మామా" అని ఉంది. హాస్టల్ రూములో కూర్చున్న ఎవరో అదే సిస్టమ్‌లోకి లాగిన్ అయి పంపించారు. ఎక్స్‌టర్నల్ నవ్వేశారు, మేమూ నవ్వాం. నవ్వని వాళ్లు ఆ టీమ్ నలుగురే. 666 అంటే ఆ మెషీన్‌లో అకౌంట్ ఉన్న ప్రతివాళ్లూ చదవొచ్చు, రాయొచ్చు. మనం వాడే ఈ బోర్డుల్లో పోర్టు తెరిస్తే చాలు, బోర్డు రీసెట్ అవుతుంది. మెసేజ్ పంపినవాడు కాస్త పనిమంతుడైతే వాళ్ల ప్రోగ్రామ్‌నే చెరిపేసి ఇంకోటి ఎక్కించగలడు. డయలౌట్‌లో అందరినీ చేర్చినా ఇదే పరిస్థితి. గ్రూప్‌లో ఉన్నవాళ్లు ఎక్కడి నుంచి లాగిన్ అయినా గ్రూప్‌లోనే ఉంటారు.

మాకు కావాల్సింది ఇంకోటి. ఆ కుర్చీలో కూర్చుని, ఆ స్క్రీన్ మీద లాగిన్ అయినవాళ్లకి మాత్రమే బోర్డు దక్కాలి. లేచి వెళ్లిపోతే పోవాలి. ఇది మేం కనిపెట్టాల్సిన పని కాదు, సిస్టమ్‌డీలో ఉంది. ఒక పరికరానికి యూయాక్సెస్ అనే ట్యాగ్ తగిలిస్తే, లాగిన్‌డీ అనే సర్వీస్ ఆ సీట్లో ప్రస్తుతం ఎవరు ఉన్నారో చూసి వాళ్ల పేరు మీద ఏసీఎల్ రాస్తుంది. లాగౌట్ అవగానే తీసేస్తుంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూస్తే పర్మిషన్ అక్షరాల చివర చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది, అదే. ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చినవాళ్లకి ఇది వర్తించదు. ఒక్క లొసుగు ఉంది. పర్మిషన్‌ని పోర్టు తెరిచే క్షణంలోనే చూస్తారు. ముందే తెరిచిన ప్రోగ్రామ్‌ని వెనకాల నడుస్తూ వదిలేసి వెళ్తే అది పోర్టుని పట్టుకునే ఉంటుంది. కాబట్టి వెళ్లేటప్పుడు సీరియల్ మానిటర్ మూసి వెళ్లండి.

రూల్ మొత్తం ఒకే ఒక లైన్. పైకి చదివితే ఇలా ఉంటుంది: సబ్‌సిస్టమ్ టీటీవై అయితే, వెండర్ నంబరు 1ఏ86 అయితే, ప్రోడక్ట్ నంబరు 7523 అయితే, ట్యాగ్‌లకి యూయాక్సెస్‌ని కలుపు. "అయితే" ఉన్న ప్రతిచోటా రెండు ఈక్వల్స్, "కలుపు" దగ్గర ప్లస్ ఈక్వల్స్. సీ లాంగ్వేజ్ మొదటి వారంలో నేర్చుకున్నదే. "అయితే" దగ్గర ఒక్క ఈక్వల్ పెడితే పోల్చడం మానేసి అక్కడ విలువ పెట్టమంటున్నారని అనుకుంటుంది.

వెండర్ నంబరు ఇంటిపేరు లాంటిది, ప్రోడక్ట్ నంబరు పేరు లాంటిది. మనం వాడే చవక బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, దాని ఇంటిపేరు 1ఏ86, పేరు 7523. అయితే ఈ ఇంటిపేరు టీటీవై అనే పిల్లకి రాసి ఉండదు. దాని పైనున్న యూఎస్‌బీ పరికరానికి, అంటే పెద్దవాళ్లకి రాసి ఉంటుంది. అందుకే రూల్‌లో అట్రిబ్యూట్ అన్న మాటకి చివర ఎస్ పెట్టాలి. ఎస్ ఉంటే యూడెవ్ పైకెక్కి అమ్మానాన్నల్ని, తాతల్ని కూడా అడిగి వస్తుంది. ఎస్ లేకపోతే పిల్లని మాత్రం అడిగి, తెలీదంటే తిరిగొచ్చేస్తుంది. యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో మైనస్ ఏ కొడితే ఆ వంశవృక్షం మొత్తం తెర మీద పరుస్తుంది. నాకు ఈ కమాండ్ అంటే ఇష్టం. ఒక చిన్న వైరు వెనక ఇంతమంది పెద్దలున్నారా అనిపిస్తుంది.

ఫైల్ పేరు ముందున్న అంకె కూడా ముఖ్యమే. నెట్‌లో ఎక్కడ చూసినా 99తో మొదలుపెట్టమంటారు. మోడ్ మార్చడానికి అది సరిపోతుంది. యూయాక్సెస్‌కి సరిపోదు. ఆ ట్యాగ్‌ని చూసి పని చేసే రూల్ 73 నంబరు ఫైల్‌లో ఉంది. ఫైళ్లని పేర్ల వరుసలో చదువుతారు కాబట్టి మన ట్యాగ్ అంతకంటే ముందే తగలాలి. 99లో పెడితే ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఏమీ జరగదు, అంతే. బస్సు వెళ్లిపోయాక చెయ్యెత్తినట్టు. మేం 70 పెట్టాం. రూల్ రాశాక రీబూట్ కూడా అక్కర్లేదు. యూడెవ్‌ఏడీఎంతో రీలోడ్ చేసి, బోర్డు తీసి పెడితే చాలు.

ఒకే సిస్టమ్‌కి రెండు బోర్డులు పెట్టే టీములకి ఇంకో తలనొప్పి ఉంది. మన క్లాసులో ముగ్గురు సాయికుమార్‌లు ఉంటే రోల్ నంబరుతో పిలుస్తారు. పరికరాలకి రోల్ నంబరు అంటే సీరియల్ నంబరు. సీహెచ్340కి అది లేదు. రెండు బోర్డులు పెడితే ఏది జీరో, ఏది వన్ అన్నది ఏది ముందు పలికిందో దాన్ని బట్టి. నిన్న సెన్సార్ బోర్డు జీరో, ఇవాళ మోటార్ బోర్డు జీరో. ఇక్కడ కూర్చున్న చోటుని బట్టి గుర్తుపట్టడం ఒక్కటే దారి. స్లాష్ డెవ్‌లో సీరియల్, అందులో బై-పాత్ అనే ఫోల్డర్‌లో, ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందో దాన్ని బట్టి పేర్లు రెడీగా ఉంటాయి. రంధ్రం మారనంత వరకు పేరు మారదు. సీపీయూల మీద ఎర్ర స్టిక్కరు, పచ్చ స్టిక్కరు ఉన్నది అందుకే, దయచేసి పీకకండి.

ఇంతవరకు బాగానే నడిచింది. సెలవుల్లో ల్యాబ్ అంతా ఉబుంటు 22.04కి మారింది. మొదటి రోజు మా రూల్ ఫైల్ పెట్టి బోర్డు గుచ్చితే అసలు పోర్టే లేదు. పర్మిషన్ సంగతి తర్వాత, ఇవ్వడానికి ఫైలే లేదు. డీమెసేజ్ చూస్తే, టీటీవై యూఎస్‌బీ జీరో వచ్చింది, ఒక్క క్షణంలో పోయింది, మధ్యలో బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరు. గూగుల్ చేస్తే ప్రపంచమంతా ఒకే మాట: ఆ ప్యాకేజీని తీసెయ్యండి. ఒక్క లైన్. అందరూ థ్యాంక్స్ చెప్పారు, అందరికీ పని చేసింది. సార్ ముప్పై సిస్టమ్స్‌లో ఒకేసారి తీసేసే స్క్రిప్ట్ కూడా రెడీ చేసి, "ఒకసారి ఒక దాంట్లో టెస్ట్ చేయండమ్మా" అని మాకిచ్చారు.

బీఆర్‌ఎల్ అంటే బ్రెయిల్. చూపు లేనివాళ్లు లైనక్స్ వాడేటప్పుడు తెర మీద అక్షరాలని బ్రెయిల్ డిస్‌ప్లేకి పంపే ప్రోగ్రామ్ అది, 1995 నుంచి ఉంది. బ్రెయిల్ డిస్‌ప్లే అంటే కీబోర్డు ముందు పెట్టుకునే పట్టీ. చిన్న చిన్న పిన్నులు లేచి పడుతూ వేళ్ల కింద అక్షరాలవుతాయి. అమెరికాలో అంధుల జాతీయ గ్రంథాలయ సేవ పాఠకులకి ఇచ్చే ఒక ఈ-రీడర్ లోపల కూడా ఇదే చవక చిప్ ఉంది. అదే ఇంటిపేరు, అదే పేరు. బీఆర్‌ఎల్‌టీటీవై రూల్ ఫైల్‌లో, 1ఏ86, 7523 కనిపిస్తే అది బ్రెయిల్ పరికరం అనుకో అని ఒక లైన్ ఉంది. మన బోర్డుని చూసి అదే అనుకుంది పాపం. ఇద్దరు సాయికుమార్‌లు, ఒకడికి వచ్చిన పార్సిల్ ఇంకొకడు తీసుకున్నాడు. దానికని ఒక సాయికుమార్‌ని ఊరి నుంచి పంపించేయరుగా.

మన ఫస్టియర్‌లో ఒక తమ్ముడు ఉన్నాడు, మీలో చాలామందికి తెలుసు. తెర మీదున్నది ఆర్కా చదివి చెబుతుంటే విని పని చేస్తాడు. ఆర్బిట్ రీడర్ తెచ్చుకుంటాడు, 20 అక్షరాల పట్టీ. అతన్ని పిలిచి అడిగాం. మా వాడు ఒకడు, "స్పీచ్ ఉంది కదా, బ్రెయిల్ లేకపోతే నడవదా?" అన్నాడు, మామూలుగానే, తెలుసుకుందామని.

"నడుస్తుందన్నా. కానీ బ్రాకెట్లు చెవితో వింటే లెక్క తప్పుతుంది. ఓపెన్, ఓపెన్, క్లోజ్, ఓపెన్ అని చెప్తుంటే ఎక్కడున్నానో మర్చిపోతా. వేళ్ల కింద ఉంటే వెనక్కి వెళ్లి తడుముకోవచ్చు." కాసేపాగి నా వైపు తిరిగి, "తీసేయాలంటే తీసేయండక్కా, నేను రూములో నా ల్యాప్‌టాప్‌లో చేసుకుంటా" అన్నాడు.

ఈ మాట నాకు బాగా గుచ్చుకుంది. పర్మిషన్‌కి తెలుగులో ఏం రాయాలా అని ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు ఆలోచించా. అనుమతి అనొచ్చు, కానీ అనుమతి ఒకరిని అడిగి తెచ్చుకునేది. అడగక్కర్లేని దానికి హక్కు అనే వేరే మాట ఉంది. అతను మాకు అనుమతి ఇస్తున్నాడు, అతని హక్కుని తీసేసుకోమని. అందుకే చివరికి పర్మిషన్ అనే ఉంచేశా.

అతని రీడర్ నంబరు చూశాం. పూర్తిగా వేరే ఇంటిపేరు. అంటే మన బోర్డులతో అతనికి ఏ పేచీ లేదు. పేచీ అంతా ఒక్క లైన్‌తో. ప్యాకేజీని తీసేస్తే ఆ లైన్‌తో పాటు అతని లైను కూడా పోయేది. అంతకంటే చిన్న పని ఉంది. బీఆర్‌ఎల్‌టీటీవై రూల్ ఫైల్‌ని, 85తో మొదలవుతుంది, అదే పేరుతో ఈటీసీ లోపలి రూల్స్ డాట్ డీలోకి కాపీ చేసి, ఆ 1ఏ86, 7523 లైన్ ముందు ఒక హ్యాష్ పెట్టడం. ఒకే పేరుతో రెండు చోట్ల ఫైల్ ఉంటే ఈటీసీలో ఉన్నదాన్నే చదువుతారు. యూఎస్‌ఆర్ లిబ్‌లో ఉన్న అసలు ఫైల్‌నే దిద్దొచ్చుగా అంటే, దిద్దొచ్చు. తర్వాతి అప్‌డేట్ దాన్ని చెరిపేసి కొత్తది రాస్తుంది, మళ్లీ కళ్లాపి.

సార్‌తో పది నిమిషాలు వాదన జరిగింది. ఆయనవైపు కూడా న్యాయం ఉంది. తీసెయ్యడం అయితే ఒకసారి చేసి మర్చిపోవచ్చు. కాపీ చేసిన ఫైల్ అలాగే గడ్డకట్టి ఉంటుంది. రేపు ప్యాకేజీ వాళ్లు కొత్త డిస్‌ప్లేల నంబర్లు చేర్చినా మన సిస్టమ్స్‌కి తెలీదు, ఎవరో ఒకరు చూసి కలపాలి. "మీరు పాసై వెళ్లిపోతారు, నేనిక్కడే ఉంటా కదమ్మా" అన్నారు. దానికి మా దగ్గర గొప్ప జవాబేం లేదు. ఫైల్ మొదట్లోనే, ఎందుకు చేశామో, ఏ ప్యాకేజీ నుంచి కాపీ చేశామో, ఏ లైన్ మార్చామో, ఓఎస్ మారినప్పుడు అసలు ఫైల్‌తో ఎలా పోల్చి చూడాలో హ్యాష్ పెట్టి ఆరు లైన్లు రాశాం. తెలుగులో రాస్తామంటే వద్దన్నారు, తర్వాత వచ్చే సార్‌కి తెలుగు రాకపోతే ఎలా అని. అదీ నిజమే.

ముప్పైలో ఇరవై తొమ్మిది సిస్టమ్స్‌లో ఈ రెండు ఫైళ్లు ఉన్నాయి, డెబ్బై, ఎనభై అయిదు. మూడో వరుసలో కుడి చివర, కిటికీ పక్కన ఉన్న సిస్టమ్‌లో ఏమీ ముట్టుకోలేదు, ఉబుంటు ఎలా ఇచ్చిందో అలాగే ఉంది. ఆ తమ్ముడి రీడర్ ఇరవై తొమ్మిదిలో దేనికి పెట్టినా పలుకుతుంది, మేం ఒక్కోదానికీ పెట్టి చూశాం. రేపు ఎవరైనా ఆ చవక చిప్ ఉన్న రీడరే తీసుకొస్తే వాళ్లకి పలకాల్సింది కిటికీ పక్కదే. అక్కడ మీ బోర్డు గుచ్చితే పోర్టు రాదు. సార్‌ని పిలవకండి, పక్క సిస్టమ్‌కి జరగండి.